మోడలింగ్ ఆంప్ ఇంట్లో బాగుండి స్టేజీ మీద ఎందుకు చెడుతుంది

మోడలింగ్ ఆంప్ అంటే ట్యూబ్ ఆంప్ ధ్వనిని లెక్కలతో అనుకరించే డిజిటల్ గిటార్ ఆంప్. రాత్రి పదింటికి పడకగదిలో, పక్కింటివాళ్ళు లేవకుండా దాని మాస్టర్ నాబ్ కాస్తంత తిప్పి చేసుకున్న టోన్ అద్భుతంగా ఉంటుంది. అదే టోన్‌ని ఆదివారం చర్చిలోనో, పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో డ్రమ్స్ పక్కన పెట్టి మాస్టర్ పెంచితే ఇది మన ఆంపేనా అనిపిస్తుంది. కింద గుమ్మంటుంది, పైన జిర్రుమంటుంది, మధ్యలో వినబడాల్సిన గిటారేమో కీబోర్డ్ వెనక దాక్కుంటుంది. "డిజిటల్ కదా, ఇంతే" అని తీర్పు చెప్పేసి ట్యూబ్ ఆంప్ ధరలు వెతకడం మొదలుపెడతారు చాలామంది. ఆ ఖర్చుకి ముందు సరిచూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

ఉదాహరణకి బాస్ కంపెనీ వాళ్ళ కటానా 50 ఎంకే2 ఆంప్ తీసుకుందాం. 2019లో వచ్చిన మోడల్. 50 వాట్లు, 12 అంగుళాల స్పీకర్ ఒకటి, బరువు పన్నెండు కిలోలకి కొద్దిగా తక్కువ. దీని తర్వాతి తరం వచ్చేసింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతుంది. అకూస్టిక్, క్లీన్, క్రంచ్, లీడ్, బ్రౌన్ అని ఐదు రకాల ఆంప్ టోన్లు, ఒక్కోదానికి ఇంకో వేరియేషన్. మీ దగ్గరున్నది ఫెండర్ మస్టాంగో, యమహా టీహెచ్‌ఆరో, స్పార్కో అయినా కింద చెప్పేవాటిలో ముప్పావు వంతు దానికీ వర్తిస్తుంది. బటన్ల పేర్లే మారతాయి.

మోడలింగ్ అంటే ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో. గిటార్ పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చేది) నుంచి వచ్చిన సిగ్నల్‌ని అంకెలుగా మారుస్తారు. ట్యూబ్ ఆంప్‌లో ప్రీఆంప్, టోన్ సర్క్యూట్, పవర్ ట్యూబులు ఆ సిగ్నల్‌ని ఎక్కడ ఎంత నలుపుతాయో లెక్కల్లో అంతే నలుపుతారు. మళ్ళీ కరెంటుగా మార్చి స్పీకర్‌కి ఇస్తారు. లైన్ 6 కంపెనీ 1996లో యాక్సిస్ 212తో దీన్ని ఆంప్ రూపంలో అమ్మకానికి తెచ్చింది. 1998లో చిక్కుడు గింజ ఆకారంలో ఎర్రటి పాడ్ వచ్చాక రికార్డింగ్ గదుల్లోకీ చేరింది. అప్పటికీ ఇప్పటికీ ఆ లెక్కలు ఎంతో మెరుగయ్యాయి. మన చెవి మాత్రం అప్పటిదే.

ఇబ్బంది మొదలయ్యేది అక్కడే. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు: శబ్దం చిన్నగా ఉన్నప్పుడు మరీ కింది ఫ్రీక్వెన్సీలూ మరీ పైవీ చెవికి సరిగా ఆనవు, మధ్యవే ఆనతాయి. అందుకని ఇంట్లో సన్నగా వాయించేటప్పుడు మనకి తెలియకుండానే బేస్ పెంచుతాం, ట్రెబుల్ పెంచుతాం, మిడిల్ తీసేస్తాం. అప్పటికి నిండుగా ఉంటుంది. వాల్యూమ్ పెరిగేసరికి చెవిలో ఆ లోటు పోతుంది, మనం అదనంగా కలిపింది మాత్రం అలాగే ఉంటుంది. జలుబుతో నాలుక చచ్చిన రోజు పప్పులో ఉప్పు వేసినట్టు. వేసినవాడికి సరిగ్గానే ఉంది, తినేవాళ్ళకే తెలుస్తుంది.

కాబట్టి ఇంటి టోన్ వేరు, స్టేజీ టోన్ వేరు అని ముందే ఒప్పేసుకోవడం మేలు. కటానా 50లో నాలుగు మెమరీలు ఉన్నాయి: ఏ బ్యాంక్‌లో రెండు ఛానెళ్ళు, బీ బ్యాంక్‌లో రెండు. ఏ బ్యాంక్ ఇంటికి, బీ బ్యాంక్ స్టేజీకి అని పంచేసుకోండి.

స్టేజీ టోన్ చేయడానికి ఒక్కటే షరతు: వాయించబోయే వాల్యూమ్‌లోనే చేయాలి. రిహార్సల్‌కి అరగంట ముందు వెళ్ళండి. బూస్టర్, డిలే, రివర్బ్ మూడూ తీసేయండి. ఆంప్ టైప్ క్రంచ్. నాబ్ గీతని గడియారం ముల్లు అనుకుంటే, బేస్ పదింటి దగ్గర, మిడిల్ ఒంటిగంట దగ్గర, ట్రెబుల్ పన్నెండు దగ్గర. గిటార్ వాల్యూమ్ పూర్తిగా తెరిచి, గట్టిగా కొడితే అంచు చిరిగేలా, మెల్లగా మీటితే శుభ్రంగా ఉండేలా గెయిన్ పెట్టండి. మాస్టర్‌ని డ్రమ్స్‌తో సమంగా వచ్చేదాకా తిప్పి, ఆంప్ ముందుకి రెండు మూడు మీటర్లు నడిచి వెళ్ళి వినండి. గుమ్మంటుంటే బేస్ ఇంకా తగ్గించండి. కిందంతా బేస్ గిటార్‌దీ కిక్ డ్రమ్‌దీ. మన లావు తీగ (E స్వరం) మొదలయ్యేదే 82 హెర్ట్జ్ దగ్గర, అంతకంటే కింద మనకి పనేమీ లేదు. బ్యాండ్ మొత్తం మొదలయ్యాక గిటార్ వినబడకపోతే వాల్యూమ్ మీద చెయ్యి వేయకుండా ముందు మిడిల్ పెంచండి, గెయిన్ తగ్గించండి. ఒంటరిగా విన్నప్పుడు ముక్కుతో పాడినట్టు చిరాకుగా ఉన్న మిడిలే గుంపులో గిటార్‌ని ముందుకి తెస్తుంది. గెయిన్ ఎక్కువైతే ప్రతి స్వరం ఒకే ఎత్తులో నొక్కుకుపోయి, కొట్టిన దెబ్బ తెలియకుండా పోతుంది. లీడ్, బ్రౌన్ టైపుల్లో పదిన్నర దాటిందంటే గుంపులో ముద్ద అయిపోయినట్టే అని నా లెక్క.

రివర్బ్ చివర్లో వేసుకోండి, అదీ ఇంట్లో వేసేదాంట్లో సగం. కల్యాణమండపాలకి, చర్చి హాళ్ళకి సొంత ప్రతిధ్వని ఉంటుంది. దాని మీద మనదీ పోస్తే స్వరం గోడకి తగిలి ఎటు పోయిందో తెలియదు. డిలే టైముకి లెక్క సులువు: 60,000ని పాట టెంపోతో (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో) భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120 టెంపోకి 500. డాటెడ్ ఎయిత్ (బీట్‌లో ముప్పావు వంతు) కావాలంటే దాన్ని 0.75తో గుణిస్తే 375. లెక్క వద్దనుకుంటే ట్యాప్ బటన్ ఉంది, తాళంతో పాటు నాలుగుసార్లు నొక్కడమే.

ఇక మూడు వాల్యూమ్‌ల గొడవ. గెయిన్ ఎంత చిరగాలో చెబుతుంది. వాల్యూమ్ ఆ ఛానెల్ ఎత్తు, ఛానెల్‌తో పాటు సేవ్ అవుతుంది. మాస్టర్ మొత్తం ఆంప్‌ది, సేవ్ కాదు. పవర్ కంట్రోల్ కూడా సేవ్ కాదు. క్లీన్ నుంచి లీడ్‌కి మారగానే గిటార్ మాయమైపోతోందంటే సరిచేయాల్సింది లీడ్ ఛానెల్ వాల్యూమ్, మాస్టర్ కాదు. సోలో ఛానెల్ మిగతావాటికంటే 3 డెసిబెల్స్ పైన ఉంటే చాలు.

సేవ్ చేయడానికి ఛానెల్ బటన్‌ని ఒక సెకను పైగా నొక్కి పట్టుకోవాలి. చిటుక్కున నొక్కి వదిలితే సేవ్ కాదు సరికదా, పాత టోన్ లోడ్ అయిపోయి, అరగంట కష్టపడి చేసింది పోతుంది. కొత్తగా కొన్నవాళ్ళలో ఈ దెబ్బ తిననివాళ్ళు తక్కువ. ఇంకో సంగతి: ఛానెల్ మార్చినప్పుడు లోపల విలువలు మారతాయి గానీ నాబ్‌లు తమంతట తాము తిరగవు. గెయిన్ నాబ్ మూడింటి దగ్గర కనిపిస్తున్నా లోపల ఉన్నది తొమ్మిది కావచ్చు. దాన్ని కొంచెం కదిపారంటే విలువ నాబ్ ఉన్న చోటికి ఒక్కసారిగా గెంతుతుంది. పాట మధ్యలో అలా గెంతితే ముందు వరుసలో వాళ్ళు ఉలిక్కిపడతారు. స్టేజీ మీద నాబ్ తాకకండి, గిటార్ మీదున్న వాల్యూమ్‌తోనే కానివ్వండి.

పవర్ కంట్రోల్‌లో స్టాండ్‌బై కాక 0.5, 25, 50 వాట్లు అని మూడు స్థానాలు. 50 నుంచి 25కి వస్తే తగ్గేది 3 డెసిబెల్స్, అంటే తేడా తెలిసీ తెలియనట్టు. 0.5కి వస్తే 20 డెసిబెల్స్, చెవికి దాదాపు నాలుగో వంతు. అయినా అపార్ట్‌మెంట్‌లో అర వాట్ చిన్నదేమీ కాదు. 12 అంగుళాల గిటార్ స్పీకర్లు ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 95 నుంచి 100 డెసిబెల్స్ ఇస్తాయి. పైగా ఆంప్‌ని నేల మీద పెడితే బేస్ స్లాబ్ పట్టుకుని కింది ఫ్లాట్‌కి పోతుంది. ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టండి. రెండు లాభాలు: కిందివాళ్ళ గొడవ తగ్గుతుంది, స్పీకర్ మన చెవి ఎత్తుకి దగ్గరవుతుంది. 12 అంగుళాల స్పీకర్ నుంచి పై ఫ్రీక్వెన్సీలు టార్చ్ వెలుగులా నేరుగా ముందుకే పోతాయి. నేల మీదున్న ఆంప్ పక్కన నిలబడితే ఆ వెలుగు పడేది మన మోకాళ్ళ మీద. ట్రెబుల్ చాల్లేదని మనం పెంచుతాం, ఎదురుగా కూర్చున్నవాళ్ళు చెవులు మూసుకుంటారు. గది మూలలో పెడితే బేస్ ఇంకా ఉబ్బుతుంది, ఓ అర మీటరు ముందుకి లాగండి.

స్పీకర్ సిమ్యులేషన్ రెండుసార్లు, లేదా ఒక్కసారీ లేకుండా

గిటార్ స్పీకర్ పాటల స్పీకర్ లాంటిది కాదు. 5 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు చేతులెత్తేస్తుంది, డిస్టార్షన్‌లోని గరుకుని అదే వడపోస్తుంది. అందుకే హెడ్‌ఫోన్స్‌కి, మిక్సర్‌కి, కంప్యూటర్‌కి పంపేటప్పుడు ఆ వడపోత పనిని లెక్కల్లో చేసి పంపాలి. దాన్నే క్యాబినెట్ సిమ్యులేషన్ అంటారు. కటానా హెడ్‌ఫోన్ జాక్ నుంచీ యూఎస్‌బీ నుంచీ వచ్చే ధ్వనిలో అది కలిసే ఉంటుంది. దీని సాఫ్ట్‌వేర్ బాస్ టోన్ స్టూడియోలో ఎయిర్ ఫీల్ అని రెక్, లైవ్, బ్లెండ్ మూడు రకాలు ఇచ్చారు. హెడ్‌ఫోన్స్‌లో మరీ చెవిలో దూరినట్టుంటే మార్చి చూడండి.

తప్పు జరిగేది మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌ని కటానాకి తగిలించినప్పుడు. హెచ్‌ఎక్స్ స్టాంపో, పాడ్ గోనో తెచ్చి ముందున్న ఇన్‌పుట్‌లో పెట్టి, పెడల్‌లో ఆంప్ మోడల్, క్యాబ్ (క్యాబినెట్) మోడల్ రెండూ వేసి, కటానాలో బ్రౌన్ పెడతారు. అంటే ఆంప్‌లోకి ఆంపు, స్పీకర్‌లోకి స్పీకరు. మీద దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. సరైన పద్ధతి రెండే. పెడల్‌లో ఎఫెక్ట్స్ మాత్రమే వాడి ముందు ఇన్‌పుట్‌కి ఇచ్చి, కటానాని క్లీన్‌లో ఉంచడం. లేదా పెడల్‌లో ఆంప్ మోడల్ ఉంచి, క్యాబ్ తీసేసి, వెనకనున్న పవర్ ఆంప్ ఇన్ జాక్‌కి ఇవ్వడం. అప్పుడు కటానా ప్రీఆంప్ పక్కకి తప్పుకుని పవర్, స్పీకర్ మాత్రమే పనిచేస్తాయి. ఇందుకు విరుద్ధంగా, అదే పెడల్‌ని క్యాబ్ తీసేసిన సెట్టింగ్‌తోనే మిక్సర్‌కి పెడితే డబ్బాలో కందిరీగ దూరినట్టుంటుంది. ఒకే పెడల్ రెండు చోట్లా వాడేవాళ్ళు రెండు ప్యాచ్‌లు (సేవ్ చేసిన సెట్టింగ్‌లు) చేసుకోవాల్సిందే.

యూఎస్‌బీకి కావాల్సింది ప్రింటర్‌కి వాడే చతురస్రపు పిన్ కేబుల్. ఫోన్ కేబుల్ కాదు. ముందు డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసి, తర్వాతే కేబుల్ పెట్టాలి. తారుమారైతే విండోస్ గుర్తుపట్టక ఇబ్బంది పెడుతుంది. బాస్ టోన్ స్టూడియో తెరిస్తే ప్యానెల్ మీద లేనివి చాలా కనిపిస్తాయి. అన్నిటికంటే ముందు వెళ్ళాల్సింది సొదని కోసేసే నాయిస్ సప్రెసర్‌కి. దాని థ్రెషోల్డ్ (ఏ ఎత్తు కంటే తక్కువ శబ్దాన్ని కోయాలో చెప్పే హద్దు) ఎక్కువగా ఉంటే స్వరం ఆరిపోయేలోపే కత్తెర పడుతుంది. పవర్ కార్డ్స్ (రాక్ పాటల్లో రెండు మూడు తీగలు కలిపి కొట్టేవి) వాయించేవాళ్ళకి అది తెలియదు. తీగ లాగి గమకం పలికించేవాళ్ళకి వెంటనే తెలుస్తుంది, కంపితం తోక సగంలో తెగిపోతుంది. గిటార్ వాల్యూమ్ సున్నా చేసి, థ్రెషోల్డ్‌ని కింది నుంచి మెల్లగా పెంచుతూ, సొద ఆగిన చోటే ఆపేయండి. రిలీజ్ టైము (కోత మెల్లగా పడేందుకు ఇచ్చే వ్యవధి) కాస్త ఎక్కువ ఇవ్వండి.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన దగ్గర్నుంచి మనవైపు ఆ వాద్యం నేర్చుకునేవాళ్ళు ఉన్నారు, కాంటాక్ట్ పికప్ అంటించిన వీణలూ ఉన్నాయి. అలాంటివాటికి క్లీన్ కంటే ముందు అకూస్టిక్ టైప్ ప్రయత్నించండి. నాయిస్ సప్రెసర్ పూర్తిగా ఆఫ్. రివర్బ్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. బేస్ గిటార్ మాత్రం దీనికి పెట్టొద్దు. దాని కింది తీగ 41 హెర్ట్జ్. గట్టిగా వాయిస్తే ఆ కదలిక గిటార్ స్పీకర్ కోన్ తట్టుకోలేదు.

ఫర్మ్‌వేర్ (ఆంప్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, ఆంప్‌కి ఉండదు. మధ్యలో కరెంటు పోతే ఆంప్ మళ్ళీ తెరుచుకోకపోవచ్చు. యూపీఎస్ మీద పెట్టి చేయండి, లేదా కరెంటు కోత ఉండదనుకున్న వేళ చూసుకోండి. అప్‌డేట్‌కి ముందు ప్యాచ్‌లన్నీ టోన్ స్టూడియోలో ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. అలాగే ఏ ఆంప్‌కైనా బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో వాయించడం కుదిరే పని కాదు. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటుతుంది, మీటిన తర్వాత ఎప్పటికో వినబడుతుంది. ఆంప్ లోపలి లెక్కలకి పట్టే కొన్ని మిల్లీసెకన్లని మాత్రం పట్టించుకోకండి. గాలిలో శబ్దం మీటరు దూరం నడవడానికే 3 మిల్లీసెకన్లు పడుతుంది.

మిక్సర్‌కి పెట్టగానే గిటార్ మాయం

దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇది చర్చిల్లో, కాలేజీ ఫెస్టుల్లో మళ్ళీ మళ్ళీ జరుగుతుంది. సౌండ్ మనిషి ఒక కేబుల్ ఇస్తాడు. కటానా వెనక ఫోన్స్, రెక్ అవుట్ అని రాసున్న జాక్‌లో ఒక చివర, మిక్సర్‌లో రెండో చివర పెడతారు. మీటితే గిటార్ ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు రివర్బ్ మాత్రమే వినిపిస్తుంది, అసలు స్వరం లేదు. కేబుల్ మారుస్తారు, ఛానెల్ మారుస్తారు, గెయిన్ చివరిదాకా తిప్పుతారు. అదే బావి.

జరిగింది ఇది. ఆ కేబుల్ పిన్ మీద రెండు నల్ల గీతలుంటే అది టీఆర్ఎస్ (పార్టీ కాదు, టిప్, రింగ్, స్లీవ్). హెడ్‌ఫోన్ జాక్ టిప్ మీద ఎడమ చెవి, రింగ్ మీద కుడి చెవి ధ్వని పంపుతుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్. అది టిప్‌లో వచ్చినదాంట్లోంచి రింగ్‌లో వచ్చినదాన్ని తీసేస్తుంది, దారిలో పట్టిన సొద పోవడానికి చేసిన ఏర్పాటు అది. మన గిటార్ అసలు స్వరం రెండు చెవుల్లోనూ ఒకేలా ఉంటుంది. ఒకేలా ఉన్నదాంట్లోంచి ఒకేలా ఉన్నది తీసేస్తే సున్నా. ఎడమకీ కుడికీ తేడాగా ఉండేది స్టీరియో రివర్బ్ ఒక్కటే, అదే మిగులుతుంది. మిక్సర్‌ది తప్పు కాదు, ఆంప్‌దీ కాదు.

విరుగుడు ఒక వై కేబుల్: ఒకవైపు టీఆర్ఎస్ పిన్ ఒకటి, రెండోవైపు ఒకే గీత ఉన్న మోనో పిన్నులు రెండు. ఎడమ పిన్ ఒక్కటే మిక్సర్‌కి పెట్టినా చాలు. మిక్సర్ ఆరేడు మీటర్ల కంటే దూరంగా ఉంటే మధ్యలో డీఐ బాక్స్ (సిగ్నల్‌ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చే పెట్టె) పెట్టి ఎక్స్‌ఎల్‌ఆర్‌లో, అంటే మూడు పిన్నుల మైక్ కేబుల్‌లో పంపండి. గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి: ఆ జాక్‌లో పిన్ పెట్టగానే కటానా 50 స్పీకర్ మూగబోతుంది. స్టేజీ మానిటర్‌లో గిటార్ ఇవ్వకపోతే మనకి మనమే వినబడం. స్పీకరూ మోగాలి, మిక్సర్‌కీ వెళ్ళాలి అంటే మైక్ పెట్టడమే దారి. ఎస్ఎం57 లాంటి డైనమిక్ మైక్‌ని గ్రిల్ గుడ్డకి రెండు మూడు వేళ్ళ దూరంలో, కోన్ మధ్యనున్న గుండ్రటి టోపీ అంచుకి గురిపెట్టండి. సరిగ్గా నడిమధ్యకి పెడితే గుచ్చుకుంటుంది, బయటి అంచుకి జరిపితే మొద్దుబారుతుంది. ఒక అంగుళం జరపడంలో ఉన్న తేడా ట్రెబుల్ నాబ్ మొత్తం తిప్పినా రాదు.

సొద ఎక్కడిది

హమ్ వస్తోందంటే ముందు గిటార్ వాల్యూమ్ సున్నా చేయండి. ఆగిపోయిందా, అది పికప్ పట్టుకుంటున్నది. సింగిల్ కాయిల్ (పికప్‌లో ఒకే తీగచుట్ట ఉన్న) గిటార్ అయితే నిలబడ్డ చోటే మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కున బాగా తగ్గుతుంది, అటు తిరిగి వాయించుకోవడమే. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ మూడు మీద ఉంటే జర్రుమనే సొద వస్తుంది, ఫుల్ స్పీడ్ పెట్టగానే పోతుంది. పాత ట్యూబ్‌లైట్ చోక్ కూడా అంతే. గిటార్ వాల్యూమ్ సున్నా చేసినా ఆగలేదంటే కేబుల్‌ని ఆంప్ నుంచి పీకండి. అప్పుడు ఆగితే కేబుల్ మార్చండి. అప్పటికీ ఆగకపోతే, వెనక యూఎస్‌బీ, ఆక్స్ కేబుళ్ళు ఉంటే తీసి చూడండి. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్‌ని ఆక్స్‌కి పెట్టినా, ఛార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్‌ని యూఎస్‌బీకి పెట్టినా కీచుమనో గుయ్యిమనో వస్తుంది. ఛార్జర్ పీకితే చాలు. ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే వస్తోందంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయ్యుంటుంది. ప్యూర్ సైన్ వేవ్ రకంలో ఈ బాధ ఉండదు.

ఇవేవీ కాకపోతే మిగిలింది ఎర్తింగ్. పాత ఇళ్ళలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ పై రంధ్రం వెనక వైరే ఉండదు. మల్టీమీటర్‌ని ఏసీ ఓల్టుల పెద్ద రేంజ్‌లో పెట్టి చూడండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 ఓల్టుల దగ్గర్లో, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు ఓల్టుల లోపు ఉండాలి. ఫేజ్ నుంచి ఎర్త్‌కి ఎనభై, వంద అని తేలిపోతుంటే ఎర్త్ లేనట్టే. ఇది అలవాటు లేనివాళ్ళు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. సొద తగ్గుతుందని ఎర్త్ పిన్ విరగ్గొట్టడం, టూ పిన్ అడాప్టర్ తగిలించడం మాత్రం వద్దు. గిటార్ తీగలు కేబుల్ మీదుగా ఆంప్ ఛాసిస్‌కి కలిసే ఉంటాయి. చేతిలో తీగలు, పెదవికి ఆనుకుని మైక్. ఆంప్ ఒక బోర్డు మీద, మిక్సర్ ఎర్త్ సరిగా లేని ఇంకో బోర్డు మీద ఉంటే కరెంటు ఆ రెండిటి మధ్యా మన ఒంట్లోంచి దారి చూసుకుంటుంది. రెండూ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. పందిళ్ళలో జనరేటర్ మీద వాయించేటప్పుడైతే ఇది తప్పనిసరి.

అమెరికా నుంచి చుట్టాలతో ఆంప్ తెప్పించుకునేవాళ్ళకి ఒక మాట. కొనకముందే వెనక లేబుల్ ఫొటో అడగండి. 100-240 ఓల్టులు అని ఉంటే పిన్ మార్చుకుంటే చాలు. బయట అడాప్టర్‌తో నడిచే చిన్న ఆంప్‌లు చాలావరకు ఇలాంటివే. 120 అని ఒక్క అంకే ఉంటే దాన్ని మన 230కి పెట్టిన క్షణం ఫ్యూజ్, దురదృష్టం బాగుంటే ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. కటానా దేశాన్ని బట్టి వేరే ఓల్టేజ్‌లతో అమ్ముతారు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, లేబుల్ మీదున్న వాట్లకి రెట్టింపు సామర్థ్యం ఉన్నది. దాని బరువు, ధర, రోజూ అది చేసే గుయ్యి అన్నీ కలుపుకుంటే ఇక్కడే సెకండ్ హ్యాండ్‌లో కొనడం తెలివైన పని.

డిజిటల్ ఆంప్‌ల ధర కొత్త మోడల్ రాగానే పడిపోతుంది, వాడినవి కొనేవాళ్ళకి అదే లాభం. చూడ్డానికి వెళ్ళినప్పుడు సొంత కేబుల్, ప్రింటర్ కేబుల్, ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్స్ తీసుకెళ్ళండి. ఏమీ తగిలించకుండా ఆన్ చేసి మాస్టర్ పెంచి వినండి, సన్నటి బుస లాంటి సొద తప్ప ఏదీ రాకూడదు. గిటార్ పెట్టి, క్లీన్‌లో లావు తీగని గట్టిగా మీటండి. కాగితం చిరిగినట్టు గరగర వస్తే స్పీకర్ కోన్ దెబ్బతిన్నట్టు. ప్రతి నాబ్‌నీ మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. పాత అనలాగ్ ఆంప్‌లో నాబ్ మురికి పడితే కరకరమంటుంది. నాబ్ విలువని ప్రాసెసర్ చదివే చోట ధ్వని ఉన్నట్టుండి గెంతుతుంది. కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో వాడిన ఆంప్‌లకి ఈ పరీక్ష ముఖ్యం. పవర్ తీసేసి కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క కొట్టి, ఇరవైసార్లు అటూఇటూ తిప్పితే చాలావరకు పోతుంది, కాబట్టి ధర తగ్గించుకోవడానికి వాడుకోండి. యూఎస్‌బీ పెట్టి సాఫ్ట్‌వేర్ గుర్తుపడుతుందో లేదో చూడండి. హెడ్‌ఫోన్ పెట్టి రెండు చెవులూ మోగుతున్నాయో చూడండి.

చివరగా ఇన్‌పుట్ జాక్. కేబుల్ పెట్టి పిన్‌ని మెల్లగా పైకీ కిందకీ ఊపండి. శబ్దం తెగి తెగి వస్తే జాక్ చుట్టూ ఉన్న నట్‌ని పట్టి చూడండి. అది వదులైతే కేబుల్ లాగిన ప్రతిసారీ బరువంతా లోపల బోర్డు మీదున్న సోల్డర్ అతుకుల మీద పడుతుంది, కొన్నాళ్ళకి అవి పగులుతాయి. నట్ వదులుగా ఉండి శబ్దం మాత్రం తెగకపోతే ఆంప్ తీసుకోండి, ఇంటికెళ్ళగానే స్పానర్‌తో పావు చుట్టు బిగించండి. బిగించి ఉన్నా శబ్దం తెగుతోందంటే బోర్డు విప్పి మళ్ళీ సోల్డర్ చేయాలి. ఆ ఖర్చు అడిగి తెలుసుకున్నాకే బేరం మొదలుపెట్టండి.